పై అంకె చెప్పే మాట

పోయిన నెల పీఎఫ్ కాగితాల గురించి రాశాను. ఈసారి నా బీపీ చీటీ గురించి రాస్తున్నాను.

ఇక్కడ షోలాపూర్‌లో ముప్పై ఏండ్లు సాంచాల మీద నిలబడి పని చేసినోణ్ణి. జాబర్ పని వచ్చి కుర్చీ దొరికినంక పొట్ట పెరిగింది. నడుము కొలిస్తే 102 సెంటీమీటర్లు. మన దేశంలో మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 దాటితే జాగ్రత్త పడాలంటారు డాక్టర్లు.

ఈఎస్ఐ దవాఖానలో బీపీ చూస్తే 168/78. "కింది అంకె మంచిగనే ఉంది గద సార్" అన్నాను. "అంకెల మధ్య అంత దూరం ఉండుడే మంచిది కాదు" అన్నాడు డాక్టరు.

గుండె కొట్టుకున్నప్పుడల్లా పెద్ద రక్తనాళం కొత్త రబ్బరు పైపులాగ సాగి, మళ్లీ సర్దుకోవాలట. ఎండకు ఎండిన పైపులాగ గట్టిపడితే ఆ పోటు నేరుగా మెదడుకు, కిడ్నీలకు తగులుతుంది. అప్పుడు పై అంకె పెరుగుతుంది, కిందిది పెరగదు. వయసుతో పాటు బీపీ, షుగర్, బీడీ, పొట్ట కొవ్వు దీనికి కారణాలు. ఆ కొవ్వు ఊరికే కూర్చోదు, నాళాలను బిగించే రసాయనాలను పెంచుతుంది.

నాకు టెల్మిసార్టాన్ రాశాడు, రోజుకొక గోలీ. బిగించే రసాయనం పనిని అది అడ్డుకుంటుంది. నాళం వదులై బీపీ దిగుతుంది. నెలల తరబడి వాడితే గట్టిదనం కూడా కొంత తగ్గుతుంది. "గట్టిదనానికే అని వేరే గోలీ లేదు. బీపీ గోలీ, బరువు తగ్గుడు, నడక, మూడూ కలిస్తేనే పని" అన్నాడు.

రెండు నెలలకు పై అంకె 136కు వచ్చింది. తలనొప్పి లేదు, కళ్లు తిరగవు. నయమైందనుకున్నాను. బిడ్డ పెళ్లి ఖర్చు కూడా మీద పడింది. గోలీలు బంద్ చేశాను.

నెల తిరగక ముందే, మా షెడ్డులో ఒక అన్న తెగిన పోగు ముడి వేస్తుంటే వేళ్లు కదలలేదు. పక్షవాతం. ఆయన కూడా నాలాగే గోలీలు ఆపినోడే. ఆ సాయంత్రమే పోయి బీపీ చూపించుకున్నాను. 172. ఇప్పుడా అన్న గడప మీద కూర్చుంటాడు. కుడిచేత్తో అన్నం ముద్ద కూడా కలపలేడు.

అందుకే చెప్తున్నాను. బాగున్నామని గోలీ ఆపొద్దు, అది పని చేస్తున్నందుకే బాగున్నాం. పైసలు చాలకపోతే జనఔషధి దుకాణంలో అదే మందు తక్కువ ధరకు దొరుకుతుంది. నా గోలీ మీరు, మీ గోలీ నేను వేసుకోవద్దు. గర్భిణులకు ఈ మందు పనికిరాదు. మొదలుపెట్టినంక కిడ్నీ, పొటాషియం పరీక్ష డాక్టరు చెప్పినప్పుడు చేయించుకోవాలి. ఉప్పు అన్నింట్లో కలిపి రోజుకు 5 గ్రాములు, అంటే ఒక చిన్న చెంచా దాటొద్దు. మన శేంగా చట్నీ, ఊరగాయ కూడా ఆ లెక్కలోనివే.

నేనైతే గోలీల డబ్బా టిఫిన్ డబ్బా పక్కనే పెట్టుకుంటున్నాను. మీరు కూడా ఇవాళ ఇంట్లో బీపీ చీటీ వెతికి పై అంకె చూడండి. చీటీయే లేకపోతే, ఈ వారం సుట్టీ రోజు దవాఖానకు పోయి రండి.