తివాచీకి బేరమా?

విరాళం ఇచ్చినవాడి పేరు పాలరాయి మీదికెక్కుతుంది. పెద్ద చెక్కు పట్టుకుని నిలబడితే మర్నాడు జిల్లా ఎడిషన్‌లో ఫొటో వస్తుంది. అంత సాయమూ ఒక ముసలమ్మ వడికిన ఉన్నిలోంచి, ఒక నేతకత్తె వేసిన ముళ్ళలోంచి వచ్చిందనుకోండి, దానికి పేరూ ఉండదు, ఫొటో ఉండదు. పైగా ‘కాస్త చూసి చెప్పమ్మా’ అంటూ బేరం ఒకటి. నా గొడవంతా ఈ బేరంతోనే. నేను చెప్పేది టిబెటన్ కాందిశీకుల చేతిపని గురించి.

1959లో దలైలామా వెంటా, ఆ తర్వాతా దాదాపు 80,000 మంది టిబెటన్లు కట్టుబట్టలతో హిమాలయాలు దాటి వచ్చారు. చాలామందికి మొదట దొరికిన పని కొండల్లో రోడ్లు వేయడం. ఆ ఏడాదే అక్టోబరు 2న డార్జిలింగ్‌లో కాందిశీకుల స్వయంసహాయక కేంద్రం ఒకటి మొదలైంది. మొదలైననాడు పనివాళ్ళు నలుగురే. తివాచీలు, ఉన్ని బట్టలు, చెక్క పని, తోలు పని చేసి అమ్ముకుంటూ, ఆ డబ్బుతో పిల్లలకు బడి, ముసలివాళ్ళకు నీడ, రోగులకు మందూ మాకూ ఏర్పాటు చేసుకున్నారు. దాతలు లేకపోలేదు. అయితే దాత మనసు పేపర్లో వార్త ఉన్నన్నాళ్ళే కరుగుతుంది. ఆ తర్వాత కూడా పొయ్యి వెలగాలంటే సరుకు అమ్ముడుపోవాల్సిందే.

ఆ సరుకు ఎలా తయారవుతుందో చూసినవాడికి బేరమాడటానికి నోరు రాదు. సైకిలు చక్రాన్ని రాట్నంగా మార్చుకుని, అవ్వలు దాని ముందు కూర్చుని ఉన్ని వడుకుతారు. ఆ నూలుకు రంగులద్ది మగ్గం దగ్గరికి చేరుస్తారు. టిబెటన్ తివాచీ ముడి తీరే వేరు. పడుగు మీద అడ్డంగా ఒక కడ్డీ పెడతారు. ఉన్ని దారాన్ని పడుగు పోగులకూ కడ్డీకీ కలిపి చుట్టుకుంటూ వరస చివరిదాకా పోతారు. అప్పుడు కడ్డీ మీది చుట్లను కత్తితో కోస్తే కుచ్చు పైకి లేస్తుంది. పేక వేసి గట్టిగా దిగగొట్టి మళ్ళీ కొత్త వరస ఎత్తుకుంటారు. నేత అయ్యాక కూడా పని మిగిలే ఉంటుంది, పువ్వుల అంచుల్ని కత్తెరతో చెక్కాలి. ఇంత చేస్తే, వచ్చినవాడు కాలి బొటనవేలితో తిరగేసి ‘మెషీన్‌ది ఇంతకంటే చవక’ అంటాడు!

నేపాల్ సంగతి చూస్తే ఇంకా కడుపు మండుతుంది. 1960 ప్రాంతంలో స్విస్ సాయంతో జావలాఖేల్‌లో కాందిశీకుల చేత తివాచీలు నేయించడం మొదలుపెట్టారు. 1990ల తొలినాళ్ళకు ఆ దేశపు ఎగుమతుల్లో తివాచీలదే పెద్ద పీట. తిండి పెట్టడానికి కల్పించిన పని తిరిగి ఆశ్రయమిచ్చిన దేశానికే విదేశీ మారకం సంపాదించి పెట్టింది. ఆ దేశంలో చాలామంది టిబెటన్ల చేతుల్లో మాత్రం ఈనాటికీ సరైన గుర్తింపు కాగితం లేదు. మనమూ పెద్దగా చెప్పుకోనక్కర్లేదు. 1951 నాటి శరణార్థుల ఒప్పందం మీద భారతదేశం సంతకమే చేయలేదు. చట్టం చూపని భరోసాను ఇన్నాళ్ళూ వాళ్ళ చేతి పనే చూపించింది.

ఇదంతా ఎక్కడో కొండల మీది కథ అనుకోకండి. శ్రీకాకుళం సరిహద్దు దాటి ఒడిశాలోకి అడుగుపెడితే గజపతి జిల్లా చంద్రగిరి. అక్కడ 1963 నుంచీ టిబెటన్లు ఉంటున్నారు. అక్కడి జిరంగ్ బౌద్ధారామం చూడటానికి మనవాళ్ళు కార్లు కట్టుకుని వెళ్తారు, సెల్ఫీలు దిగి వస్తారు. ఇలాంటి శిబిరాల్లో మొక్కజొన్న సాగుతోనే ఏడాది గడవదు. అందుకే చలికాలం రాగానే ఎన్నో కుటుంబాలు స్వెట్టర్ల మూటలతో పట్నాలకు దిగుతాయి. మన ఊళ్ళ ఫుట్‌పాత్‌ల పక్క డేరాల్లో కనబడేది వాళ్ళే.

‘అవి వాళ్ళు అల్లినవి కాదుగా, లూధియానా మిల్లు సరుకేగా, ఇందులో సేవ ఏముంది?’ అని ఒక మిత్రుడు అడిగాడు. నిజమే, ఎక్కువ భాగం మిల్లు సరుకే. దాన్ని అరువు మీద తెచ్చుకుంటారు, సీజను అయ్యాక బాకీ తీరుస్తారు. చలి పడకపోతే నష్టం వాళ్ళది. మిగిలిందే పిల్లల ఫీజు, ముసలివాళ్ళ మందులు. షోరూములో రేటు చీటీ చూసి నోరెత్తకుండా కార్డు గీకే మనం, ఇక్కడ ‘ఫిక్స్‌డ్ రేట్ అమ్మా’ అని వచ్చీరాని తెలుగులో చెబుతుంటే యాభై రూపాయల కోసం పావుగంట నిలబడతాం.

మరో రకం అవమానం ఉంది. అది జాలి. ‘పాపం కదా అని కొన్నాం’ అని చెప్పుకుని, తెచ్చిన వస్తువును అటక మీద పడేస్తాం. జాలితో కొన్నవాడు ఒక్కసారే కొంటాడు. పని నచ్చి కొన్నవాడు మళ్ళీ వస్తాడు, ఇంకొకరిని వెంటబెట్టుకుని వస్తాడు. శిబిరానికి కావలసింది ఈ రెండో రకం మనిషి.

సేవ పేరు చెప్పి దోచుకునేవాళ్ళు లేరనను. అడగండి: పనివాళ్ళకు ఎంత, కేంద్రానికి ఎంత, ఆ డబ్బుతో ఏం చేస్తున్నారు? చెప్పగలిగినవాళ్ళ దగ్గరే కొనండి, అడిగిన ధర పూర్తిగా ఇవ్వండి. సన్మానాల్లో ప్లాస్టిక్ మెమెంటోలు పంచే సంఘాలూ, కంపెనీలూ, కాలేజీలూ ఆ ఆర్డరేదో ఇలాంటి మగ్గాలకు ఇవ్వండి. నేసినవారి పేరు చీటీ మీద వేయించండి. సరుకు బాగా లేకపోతే ఆ మాట మొహం మీదే చెప్పి వెనక్కి పంపండి, వాళ్ళు దానికి చిన్నబుచ్చుకోరు. పనిని పనిగా చూసే గిరాకీ కోసమే వాళ్ళు అరవై ఏళ్ళకు పైగా ఎదురుచూస్తున్నారు.