పిలిస్తే వచ్చినాడు

పోయినేడు మా టీమ్‌లో కొత్తగా చేరిన కుర్రాడు ఒక టికెట్ మూసేస్తూ ఇంగ్లీషులో ఇలా రాశాడు: ‘ఇఫ్ వీ రీస్టార్ట్ ద సర్వర్, ఇట్ గాట్ ఫిక్స్‌డ్.’ కాల్‌లో అవతలివాళ్ళు అడిగారు: ఇంతకీ రీస్టార్ట్ చేశారా, లేక చేస్తే బాగవుతుందంటున్నారా? అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ‘ముందు కంజంక్షన్లు నేర్చుకో’ అన్నాడు మేనేజరు.

కుర్రాడిది పుత్తూరు. నాది తిరుపతి. అయినా ఆ రాత్రి దాకా నాకు తట్టలేదు, ఆ తప్పు ఇంగ్లీషు కింద ఒక శుభ్రమైన తెలుగు వాక్యం ఉందని: ‘సర్వర్ రీస్టార్ట్ చేస్తే సరిపోయింది.’ దీంట్లో ఎవరికైనా అనుమానం వస్తుందా?

‘పిలిస్తే వచ్చినాడు’, ‘పిలిస్తే వస్తాడు’. రెండింట్లోనూ ‘పిలిస్తే’ ఒకటే. మొదటిదాంట్లో పిలవడం జరిగిపోయింది, రెండోదాంట్లో ఇంకా జరగలేదు. ఆ సంగతి చెప్పేది వాక్యం చివరున్న క్రియ. ఇంగ్లీషు అట్లా చివరిదాకా ఆగదు. వెన్, ఇఫ్, బికాజ్... వీటిల్లో ఏదో ఒకటి ముందే ఎంచుకోవాలి. ఆ తర్వాత రెండు ముక్కల్లోనూ కాలం చూపే క్రియ విడివిడిగా ఉండాలి. మనకు అతుకు క్రియ తోకలో ఉంటుంది, వాళ్ళకు విడి మాటగా ఉంటుంది. మావాడు ‘-తే’ అంటే ‘ఇఫ్’ అని బట్టీ పట్టాడు. అంతకంటే ఎవరూ ఏమీ చెప్పలేదు మరి.

చెప్పేవాళ్ళు లేక కాదు. పదో తరగతిలో తెలుగు అయ్యవారు సంక్లిష్ట వాక్యం చెప్పారు: అసమాపక క్రియ, క్త్వార్థకం, చేదర్థకం, అప్యర్థకం. ఆ తర్వాతి పీరియడ్‌లో ఇంగ్లీషు సారు కాంప్లెక్స్ సెంటెన్స్ చెప్పారు: సబార్డినేటింగ్ కంజంక్షన్, మెయిన్ క్లాజ్. ఒకే బల్ల, ఒకే బోర్డు, మధ్యలో ఒక గంట. రెండూ ఒకే పని చేసే రెండు యంత్రాలని ఆయనా అనలేదు, ఈయనా అనలేదు. చేకూరి రామారావు ‘తెలుగు వాక్యం’ 1975లోనే వచ్చింది. భద్రిరాజు కృష్ణమూర్తి, గ్విన్ కలిసి రాసిన ఆధునిక తెలుగు వ్యాకరణాన్ని 1985లో ఆక్స్‌ఫర్డ్ వాళ్ళు వేశారు. అవి మా క్లాసురూము దాకా రాలేదు. మాకు వచ్చిందల్లా ఒక పట్టిక: కంజంక్షన్ అంటే సముచ్చయం, అడ్వర్బ్ అంటే క్రియావిశేషణం. తిరగేసి చదివితే పది మార్కులు.

ఆ పట్టిక చెప్పని తమాషా ఇంకోటి ఉంది. ‘హౌఎవర్’కి మనం వాడే ‘అయితే’ ఏమిటి? అవు అనే క్రియకు చేదర్థకం. ‘అయినా’ దాని అప్యర్థకమే. ‘కాబట్టి’లో ‘కా’ కూడా అదే. నెమ్మదిగా, గట్టిగా అనేటప్పటి ‘గా’ సైతం ఆ ఇంటిదే. ‘ఎందుకంటే’లోనూ, ‘వస్తానని చెప్పినాడు’లోని ‘అని’లోనూ ఉన్నది అను అనే క్రియ. మా వైపు దాన్ని ఇంకా సాగదీసి ‘వస్తాననేసి చెప్పినాడు’ అంటాం. ఇంగ్లీషు మూడు శాఖలుగా విడదీసి పెట్టిన పనిని తెలుగులో రెండు క్రియలు చాలావరకు నడిపేస్తున్నాయి. ఇంగ్లీషులోనూ అక్కడక్కడా ఈ జాడ లేకపోలేదు. ‘ఆల్బీట్’ అంటే ఒకప్పుడు ‘ఆల్ బీ ఇట్’, అంటే దాదాపు మన ‘అయినా’.

ఇప్పుడు అసలు తగాదా. తెలుగు పొడుగు ఆలోచనను మోయలేదని, క్లాజులు పేర్చే శక్తి లేదని సాహిత్య సభల్లోనూ వాట్సాప్ గ్రూపుల్లోనూ చాలామంది అనగా విన్నాను. మా అవ్వ ఒకసారి చెప్పిన మాట వినండి: ‘వాన పడి, గుంత నిండి, దోవంతా బురదై, ఎద్దులు ఎక్కలేక, బండి ఆడ్నే ఇడిసిపెట్టేసి, మీ తాత నడుసుకుంటా వచ్చేసినాడు.’ ఒక్కటే సమాపక క్రియ. సముచ్చయం ఒక్కటీ లేదు. కారణాలు ఒకదాని వెనక ఒకటి నడుచుకుంటా వచ్చేసినాయి. మా అవ్వ మాటే ఎందుకు, నామినిని తెరిచి చూడండి. ఈ నడక అచ్చులో ఎట్లా ఉంటుందో తెలుస్తుంది.

ఇదే వాక్యాన్ని ఇప్పటి అనువాదకుడి చేతికిస్తే? ‘వాన పడింది మరియు గుంత నిండింది. దాని కారణంగా దారి బురదగా మారింది. ఎప్పుడైతే ఎద్దులు ఎక్కలేకపోయాయో, అప్పుడు తాత బండిని వదిలివేయడం జరిగింది.’ చిత్తూరు బస్టాండులో రోజంతా నిలబడండి, ‘మరియు’ అన్న మనిషి ఒక్కరు కనబడితే టీ నేను తాగిస్తా. ‘ఎప్పుడైతే... అప్పుడు’ వ్యాకరణం ప్రకారం తప్పని అనను. ‘ఎంత చెట్టుకు అంత గాలి’ అనే భాషకు ఆ జోడింపు కొత్తేమీ కాదు. కానీ ‘వెన్’ కనబడ్డ ప్రతిచోటా దాన్ని దించడం సోమరితనం. మావాడు ‘-తే’ని ‘ఇఫ్’ చేసినట్టే వీళ్ళు ‘వెన్’ని ‘ఎప్పుడైతే’ చేస్తున్నారు. అది చేసినవాణ్ణి చూసి నవ్వుతాం. ఇది చేసినవాళ్ళకు పుస్తకావిష్కరణ సభలు పెడతాం.

అట్లాగని ‘ఎందుకంటే’ కూడా ఇంగ్లీషు బానిసత్వమే అనే ఛాందసుల పక్క చేరను. తీర్పు ముందు చెప్పి, కారణం తర్వాత చెప్పాల్సిన అవసరం విమర్శలో ఉంటుంది, బగ్ రిపోర్టులోనూ ఉంటుంది. క్రియ చివరికొచ్చే భాషలో పాఠకుడు అంతదాకా కాచుకోవాలి. ఆ ఇబ్బంది నిజమే. అందుకే జనం ‘ఎందుకంటే’ని ఎప్పుడో తమ నోటికి తగ్గట్టు తెచ్చుకున్నారు. ఇంకో నిజం కూడా ఒప్పుకోవాలి: అవ్వ వాక్యంలో ఏది కారణమో, ఏది ఉత్త వరసో వినేవాడే తేల్చుకోవాలి. ఇంగ్లీషు ఆ తేడాను రాసేవాడి చేతే ఒప్పిస్తుంది. అనువాదంలో అసలైన కష్టం ఇక్కడుంది. దాని గురించి మాట్లాడండి, వింటాను.

మర్నాడు కుర్రాడికి క్షమాపణ లాంటిది ఏదో చెప్పాను. వాడు అదంతా పట్టించుకోలేదు. ‘అది సరే అన్నా, ఇంతకీ వస్తే అనేదానికి ఇంగ్లీషులో ఏమి?’ అన్నాడు.

‘ఆ వాక్యం చివర ఏముందో ముందు చెప్పబ్బా’ అన్నాను.