వినికిడి తగ్గితే మతికీ ముప్పే

సాంచాల మోతలో ఏండ్ల తరబడి నిలబడ్డ మన పెద్దలకు చెవులు మందగించడం కొత్త కాదు. "వయసైంది, అంతే" అని ఊరుకుంటం. ఊరుకోవద్దు. డిమెన్షియా అనే మతిమరుపు జబ్బు ముప్పును పెంచేవి 14 ఉన్నాయని 2024లో లాన్సెట్ కమిషన్ నిపుణులు చెప్పారు. వాటన్నిటినీ సరిచేసుకుంటే నూటికి 45 మందిలో జబ్బును ఆపడమో, ఆలస్యం చేయడమో కుదరొచ్చని వారి లెక్క. వినికిడి లోపం అందులో ముఖ్యమైనది. బీపీ, షుగరు, పొగతాగడం, అతిగా మందు తాగడం కూడా ఉన్నాయి. వినబడని మనిషి నలుగురిలో కూర్చోడు. ఆ ఒంటరితనమూ ఒక ముప్పే.

నాయిన మాట మరిచిండని విసుక్కునే ముందు, అసలు విన్నడా అని చూడండి. చెవుల పరీక్ష చేయించండి. మిషను పెట్టుకోవడం నామోషీ కాదు. సాంచాల మీదున్న తమ్ముళ్లూ, మీరు ఇయ్యాల్టి నుంచే చెవులకు ప్లగ్గులు పెట్టుకోండి.