మాదిరి జీవితములు: నలుగురేసి నడచిన దండు

సింగపూరు ద్వీపమున పాసిర్ పంజాంగ్ అను చోట ఒక చిన్న కొండ కలదు. పూర్వము దాని పాదమున నల్లమందు పొట్లములు కట్టు కర్మాగార ముండెను గనుక మలాయివారు దానిని బుకిత్ చందు, అనగా నల్లమందు కొండ, అని పిలుతురు. 1942వ సంవత్సరము ఫిబ్రవరి 14వ తేదీన ఆ కొండమీద ప్రాణము విడిచిన అద్నాన్ బిన్ సైదీ అను సైనికుని వృత్తాంతము తోటలలోని పిన్నలును పెద్దలును ఎరుగదగినది.

అద్నాన్ 1915లో సెలంగోరునందలి కాజాంగ్ సమీపమున జన్మించెను. చదువు ముగించి యొక యేడాదికి పైగా బడిపంతులుగా నుండెను. 1933లో మలాయి పటాలము క్రొత్తగా నేర్పడినప్పుడు అందు మొదట చేర్చుకొనబడినవారు 25 మంది మాత్రమే. ఆ యేటనే అద్నానును బడి విడిచి పటాలములో చేరెను. 1937లో ఆరవ జార్జి పట్టాభిషేక సమయమున లండనులో జరిగిన సైనిక ప్రదర్శనకు పంపబడినవారిలో అతడొకడు. తరువాత అధికారియై యొక చిన్న దళమునకు నాయకుడాయెను.

1941 డిసెంబరులో జపాను సేనలు మలయా ఉత్తరభాగమున దిగి, రెండు మాసములలో సింగపూరు ద్వీపమునకు దాటెను. నల్లమందు కొండను కాచు పని అద్నాను దళమునకు వచ్చెను. నాటి మధ్యాహ్నము తలపాగలు చుట్టుకొని, పంజాబీ సిపాయిల దుస్తులు ధరించిన దండొకటి కొండవైపు నడచి వచ్చెను. చూచువారికి వారు స్వపక్షమువారే. అయితే అద్నాన్ వారి దుస్తులను గాక వరుసలను చూచెను. బ్రిటిషు సేనలోని సిపాయిలు ముగ్గురేసి నడతురు. వీరు నలుగురేసి నడచుచుండిరి. ఒకప్పుడు బడిపిల్లల వరుసలు దిద్దిన ఆ కన్ను మోసమును కనిపెట్టెను. దళమువారు తుపాకులు పేల్చగా మారువేషగాండ్రు పలువురు కూలిరి. తక్కినవారు వెనుకకు మరలిరి.

కొంతసేపటికి శత్రువులు పెద్ద బలముతో మరల వచ్చిరి. కొండ వెనుకనున్న కాలువలో మండుచున్న నూనె పారుచుండుటచే తొలగిపోవు దారియు లేదు. గుండ్లు తరిగిపోగా మలాయి సైనికులు చేతులతోనే పోరాడిరి. అద్నాన్ గాయపడియు మరతుపాకిని విడువలేదు. లొంగుడని తనవారితో చెప్పలేదు. తుదకు శత్రువులు అతనిని పట్టుకొని బాయొనెట్లతో పొడిచి చంపిరి.

మరునాడే సింగపూరు లొంగిపోయెను. అట్లయిన ఆ ప్రాణత్యాగము వ్యర్థమా? మలయా తోటలలోని తమిళులును తెలుగువారును వేలకొలది సయాము బర్మా రైలుమార్గపు పనికి తరలింపబడిరి. వారిలో అనేకులు తిరిగి రాలేదు. అద్నాన్ ఏ కీడును అడ్డగింప నిలిచెనో ఆ యిండ్లకు తెలియును. అడ్డగింప నొక దినమే సాధ్యమైనను, ఆ దినమున తన చోటు విడువనివాడు తన పని పూర్తిచేసినవాడే.

2002లో ఆ కొండమీది పాత బంగళాలో స్మారక ప్రదర్శనశాల తెరువబడెను. ఎముకలు తెల్లబడినను సరే, కన్నులు తెల్లబడరాదని మలాయివారి సామెత. చచ్చినను అవమానమునకు ఒప్పుకొనరాదని దాని భావము. ఆ సామెతకు అర్థమేమని పిల్లలడిగినయెడల, వరుసలు లెక్కించిన ఈ బడిపంతులు కథ చెప్పిన చాలును.