గంజాయి పేరు చాటున

గంజాయితోటలో తులసిమొక్క యను సామెత ఎఱుగని తెలుగువారుండరు. దానివలన తులసికి గౌరవమును, గంజాయికి అపకీర్తియు శాశ్వతముగ దక్కినవి. ఆ అపకీర్తి అకారణము కాదు. కాని ఒక మొక్కను దాని మత్తుపేరుతోడనే పిలిచి తక్కిన గుణములను మఱచుటవలన భాషకు నష్టము, మనుష్యులకు అంతకంటె నష్టము.

పూర్వులు దీనిని పొలమున పండు పంటగా నెఱుగుదురు. పాణిని అష్టాధ్యాయిలో నువ్వులు, మినుములు, అవిసెలు పండు చేలకు పేర్లు చెప్పుచు భంగనుగూడ ఆ వరుసలోనే చేర్చినాడు. భంగ పండు చేను భంగ్యము, లేక భాంగీనము. వైయాకరణుని దృష్టిలో నది మినుపచేనికి తీసిపోవునది కాదు. వైద్యులు దీనినే విజయ యనిరి.

కాండమునుండి నార, గింజనుండి నూనె, ఆకునుండి భంగు, ఆడుమొక్క పూతనుండి గంజాయి, ఆ పూతనంటియుండు జిగురునుండి చరస్. ఇన్నియు ఒక్క మొక్క సంతానమే. లిన్నేయసు 1753లో దీనికి కన్నాబిస్ సటైవా యని పేరిడెను. 1785లో లామార్కు మన దేశపు మొక్కను వేఱుగ నెంచి ఇండికా యనెను. ఇవి రెండు జాతులా, ఒకే జాతిలోని భేదములా యను తగవు నేటికిని తెగలేదు. అంతకంటె ముఖ్యమైన భేదము మత్తులో నున్నది. మత్తు కలిగించు టి.హెచ్.సి. అను ద్రవ్యమును 1964లో ఇజ్రాయెలు శాస్త్రజ్ఞులు మెషూలమ్, గవోని వేఱుచేసి చూపిరి. నారకొఱకు పెంచు రకములలో నది నూటికి 0.3 పాలు మించరాదని ఉత్తరాఖండ్ నియమము.

నారజాతిని ఆంగ్లమున హెంప్ అందురు. మన అనువాదకులు దానిని జనపనార యని వ్రాసి చేతులు దులుపుకొందురు. జనపనార నేడు జూటునకు పేరు. జనుము మఱియొక మొక్క, గోగు వేఱొకటి. గోగు శాస్త్రనామములో కన్నాబినస్ అను మాట యున్నమాట నిజమే. దానికి ఆకుల పోలికయే కారణము. గోంగూర ప్రియులు కలతచెందనక్కఱలేదు. కుమావూన్ కొండపల్లెలలో భంగుగింజలు వేయించి పచ్చడి నూరుదురు. ఆ గింజలో మత్తు లేదు. దానిని గంజాయిపచ్చడి యని తెనిగించినచో చదువరి ఏమనుకొనును? భంగునార, భంగుగింజ యనుటకు అడ్డేమి?

ఇది పండితుల పొద్దుపోక కాదు. 1985 నాటి మాదకద్రవ్య చట్టము గంజాయి యనగా పూతయో కాయయో గల కొనలని నిర్వచించినది. ఆ కొనలతో కూడియుండని ఆకును, గింజను ఆ నిర్వచనమునుండి తప్పించినది. నారకొఱకు, గింజకొఱకు సాగు ననుమతించు అధికారము ప్రభుత్వమునకు ఇచ్చినది. మొక్కలోని భాగములను చట్టము ఇంత తెలివిగా విడదీయగా, వ్యవహారము అన్నిటిని ఒక్క మాటలో కుదించినది.

శివునికి ప్రీతియని, వేదమున నున్నదని గంజాయిని వెనుకవేసికొని వచ్చువారి వాదము చవుక. పూర్వము నున్న దంతయు నేడు చెల్లునా? అట్లని ఈ మొక్కపేరు వినగానే చెవులు మూసికొనుటయు తగదు. దీనినుండియే తీసిన కన్నాబిడయోల్ అను మందును 2018లో అమెరికా ప్రభుత్వము పిల్లలకు వచ్చు తీవ్రమైన మూర్ఛరోగములకు ఆమోదించినది.

తెలుగునాట ఈ విషయము పుస్తకములలోనిది కాదు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి సమీపమున పోలీసులు సుమారు 2 లక్షల కిలోల గంజాయిని దహనము చేసిరి. విశాఖ మన్యమున పేరుమోసిన రకమునకు శీలావతి యని పేరు! ఇంతకంటె క్రూరమైన నామకరణము మఱియొకటి యుండునా? కొండమీద పండించువాడు గిరిజనుడు, మూట మోయుచు పట్టుబడువాడు కూలికుఱ్ఱడు, లాభము మైదానమున కూర్చున్న వర్తకునిది. ఆ మూట 20 కిలోలు మించినచో నేటి నిబంధనల ప్రకారము కనీసము 10 ఏండ్ల చెఱ. ఈ మాటను ఆ కుఱ్ఱనికి సంతలోను, బడిలోను, అతనికి తెలిసిన భాషలో ముందుగా చెప్పవలసియున్నది; న్యాయస్థానమున దుబాసీ నోట మొదటిసారి వినుట కాదు.