మాట్లాడని పిల్ల ఏం చెబుతోంది?

కౌమారంలో ఉన్న ఆడపిల్ల ఉన్నట్టుండి మాట్లాడటం మానేస్తే పెద్దవాళ్ళం ఏమంటాం? మొండితనం అంటాం, పొగరంటాం, చదువు మీద శ్రద్ధ పోయిందంటాం. ఏం జరిగిందని అడగం. అడిగినా, జవాబు వచ్చేదాకా ఆగం. అందుకే అమెరికన్ రచయిత్రి లారీ హాల్స్ ఆండర్సన్ 1999లో టీనేజి పిల్లల కోసం రాసిన ‘స్పీక్’ నవలని మన కార్యకర్తలందరూ చర్చించుకోవాలని నేను అంటున్నాను.

న్యూయార్క్ రాష్ట్రంలోని సిరక్యూస్‌లో తొమ్మిదో తరగతిలో చేరిన మెలిండా కథ ఇది. అంతకు ముందు వేసవిలో ఒక పార్టీలో పై తరగతి అబ్బాయి ఆమెపై అత్యాచారం చేశాడు. ఆమె పోలీసులకి ఫోన్ చేసింది, కానీ నోరు పెగల్లేదు. పోలీసులు వచ్చి పార్టీని చెదరగొట్టారు. ఆమె ఎందుకు పిలిచిందో తెలియని స్నేహితులు ఆమెను వెలేశారు. ఆమె పెదవులు కొరుక్కుంటుంది, మార్కులు పడిపోతాయి, స్కూల్లో ఎవరూ వాడని చిన్న గదిలో దాక్కుంటుంది. నలుగురి దృష్టిలో పడాలనే ఇదంతా చేస్తోందని కన్నతల్లే అంటుంది.

మెలిండా స్త్రీల ఓటు హక్కు ఉద్యమం మీద వ్యాసం రాస్తుంది. దాన్ని పైకి చదివి తీరాలంటాడు టీచరు. ఆమె చదవకుండా కాపీలు పంచితే మార్కులు తగ్గిస్తాడు. ఆ ఉద్యమ స్త్రీలు నోరు విప్పి పోరాడారు కదా అని ఒక తోటి విద్యార్థి గుర్తు చేస్తాడు. అతని మాట నిజమే. అయితే ‘మాట్లాడు’ అనే ఆజ్ఞ వెనక అధికారం ఉన్నప్పుడు అది కూడా హింసే అవుతుంది. జవాబు కోసం పీడించకుండా ఏడాదంతా చెట్టు బొమ్మ మీద పని చెయ్యనిచ్చిన డ్రాయింగ్ టీచరు దగ్గర ఆమెకి ఊపిరాడింది. బాత్‌రూం గోడ మీద ఆ అబ్బాయి పేరు రాస్తే, దాని కింద ఎందరో ఆడపిల్లలు వాడి గురించి తమ మాటలూ రాశారు. నాకైతే ఆ గోడ ఒక మహిళా సంఘంలా కనిపించింది.

ఇలాంటి పుస్తకం పిల్లలకి తగదంటూ దాన్ని స్కూళ్ళ నుంచి తీసెయ్యాలని అమెరికాలో పలుచోట్ల పట్టుబట్టారు. అత్యాచారానికి గురయ్యే వయసున్న పిల్లకి దాని గురించి చదివే వయసు మాత్రం రాలేదా? ఈ రచయిత్రికే 2023లో ఆస్ట్రిడ్ లిండ్‌గ్రెన్ స్మారక పురస్కారం వచ్చింది.

మన దేశంలో 2012 నాటి పోక్సో చట్టం ఉంది. 18 ఏళ్ళలోపు పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిసినవారు తప్పనిసరిగా పోలీసులకి చెప్పాలని 19వ సెక్షన్ అంటుంది. తల్లిదండ్రులు గానీ, పిల్లకి నమ్మకమున్న మరో మనిషి గానీ దగ్గరుండగా వాంగ్మూలం తీసుకోవాలని 26వ సెక్షన్ అంటుంది. నమ్మకమున్న ఆ మనిషిని మాత్రం ఏ చట్టమూ తయారుచెయ్యదు. ఆ పని మనది.

హాస్టళ్ళలో, కిశోర బాలికల సమావేశాల్లో మెలిండా కథని తెలుగులో చెబుదాం. మెలిండా గురించి మాట్లాడే పిల్ల తన గురించి బయటపెట్టనక్కర్లేదు. తన సంగతే చెప్పబోతే, దాన్ని మనం రహస్యంగా ఉంచలేమని ముందే నిజాయితీగా చెబుదాం. ఆ తర్వాత పోలీస్ స్టేషన్‌లోనూ, కోర్టులోనూ, తిరిగి తరగతి గదిలోనూ ఆమె పక్కనే ఉందాం.