లైట్లు కాదు, చెవులు చూడండి

వేసవి సెలవులొస్తే మా జమ్మలమడుగు ఎండలకు పిల్లలు ఇల్లు కదలరు. కంప్యూటర్ గేములకు హెడ్‌సెట్ కొనివ్వమని ఒకటే పోరు. ప్రొద్దుటూరు అంగట్లోకి తీసుకుపోతే రంగు లైట్లు మెరిసేదే వాళ్ల కంటికి ఆనుతుంది. నన్నడిగితే లైట్లకు పెట్టే డబ్బు దండగ. శబ్దం హద్దు దాటనివ్వని రకం అడగండి. చెవికి ఆనే మెత్త రెగ్జిన్‌ది కాకుండా గుడ్డదైతే మన ఎండలకు చెమట తక్కువ.

పిల్లలు 75 డెసిబెల్స్ శబ్దం వారానికి 40 గంటలు వినొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. అదే 85కి పెంచితే 4 గంటలే! లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే సన్నని కణాలు చచ్చిపోతే మళ్లీ పుట్టవు. మౌస్ పాడైతే ఇంకోటి కొంటాం. వినికిడి ఏ అంగట్లో దొరుకుతుందక్కా? 'అన్నానికి రా నాయనా' అంటే పలికేంత శబ్దంతోనే ఆడుకోనివ్వండి.